అగ్గిపెట్టెలో పురుగు తెచ్చిన పేషెంట్‌తో ఏం మాట్లాడాలి?

(చర్మవ్యాధుల పీజీలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలోవాళ్లకి వినిపిస్తోంది కదా? సరే.

ఇవాళ మాట్లాడుకునేది, ఒంటి మీద, చర్మం లోపల పురుగులు ఉన్నాయని గట్టిగా నమ్మే పేషెంట్ల గురించి. గట్టిగా అంటే ఎంత గట్టిగా? మీరు చూసి లేవన్నారు. ల్యాబ్ వాళ్లు చూసి లేవన్నారు. అయినా ఆ నమ్మకం కదలదు. నెలలు గడుస్తాయి, కొందరిలో ఏళ్లు గడుస్తాయి, కదలదు. దీన్ని డెల్యూజనల్ ఇన్ఫెస్టేషన్ అంటున్నాం. పాత పుస్తకాల్లో డెల్యూజనల్ పారాసైటోసిస్ అని కనిపిస్తుంది. స్వీడన్ న్యూరాలజిస్టు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ 1938లో దీన్ని వివరంగా రాశాడు కాబట్టి ఎక్‌బోమ్ సిండ్రోమ్ అని కూడా అంటారు. రెస్ట్‌లెస్ లెగ్స్, అంటే కాళ్లు కదపకుండా ఉండలేని జబ్బు, దాని గురించి రాసిందీ ఆయనే. పరీక్షల్లో రెండూ కలిపేసి రాస్తుంటారు పీజీలు, జాగ్రత్త.

జబ్బు అరుదే. అమెరికాలో ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో మాయో క్లినిక్ వాళ్లు లెక్కగడితే ఏడాదికి లక్షమందిలో సుమారు ఇద్దరు కొత్తవాళ్లు తేలారు. మరి ఇంత అరుదైనదాని మీద ఇంతసేపు ఎందుకు? ఎందుకంటే ఈ పేషెంట్ ఒక్క డాక్టరు దగ్గర ఆగరు. ఆర్ఎంపీ, మెడికల్ షాపు, పీహెచ్‌సీ, స్కిన్ డాక్టరు, ఇంకో స్కిన్ డాక్టరు, ఇలా తిరుగుతూనే ఉంటారు. కాబట్టి మీ ఓపీకీ వస్తారు. వచ్చినప్పుడు మొదటి పదిహేను నిమిషాల్లో మీరు ఏం చేశారు, ఏ మాట అన్నారు, దాన్నిబట్టే ఆ మనిషి మందు వేసుకుంటారా, వెళ్లిపోతారా అన్నది తేలుతుంది. ఈ మాట ఇవాళ మళ్లీ మళ్లీ చెప్తాను, విసుక్కోకండి.

ఎలా వస్తారు? చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. అగ్గిపెట్టె, మాత్రల డబ్బా, జిప్ కవరు, కాగితప్పొట్లం. ఈమధ్య ఫోన్ నిండా ఫొటోలు, వీడియోలు. లోపల చూస్తే చర్మం పొట్టు, పక్కు, నూలుపోగు, దుమ్ము, వెంట్రుక ముక్క, ఒక్కోసారి ఇంట్లో మామూలుగా తిరిగే చీమ. దీనికే 1983లో లాన్సెట్ పత్రికలో మ్యాచ్‌బాక్స్ సైన్ అని పేరు పెట్టారు. డబ్బా తెచ్చినంత మాత్రాన డయాగ్నోసిస్ అయిపోయినట్టు కాదు, తేలేదంటే జబ్బు లేదనీ కాదు. నిజంగా నల్లి కుట్టినవాళ్లు కూడా నల్లిని పట్టుకుని తెస్తారు కదా?

యాభై దాటిన ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం. చిన్న వయసులో అయితే ఆడ, మగ తేడా అంతగా ఉండదు. ఆ వయసులో మత్తుపదార్థాల సంగతి తప్పకుండా వాకబు చెయ్యాలి. చాలామంది మిగతా విషయాలన్నిట్లో చక్కగా ఉంటారు. ఇల్లు నడుపుతారు, ఉద్యోగం చేస్తారు, బ్యాంకు లెక్కలు చూసుకుంటారు. ఈ ఒక్క విషయంలోనే నమ్మకం బిగుసుకుపోయి ఉంటుంది. అందుకే ఇంట్లోవాళ్లు కూడా మొదట్లో నమ్మేస్తారు.

మొదటి పని: నిజంగా చూడండి

మొదట చెయ్యాల్సింది పురుగుల్ని నిజంగా వెతకడం. నటించడం కాదు, వెతకడం. కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి చూసి "ఏం లేదు" అంటే ఆ పేషెంట్ మిమ్మల్ని ఎందుకు నమ్మాలి? బట్టలు తీయించి, మంచి వెలుతురులో, తల నుంచి పాదాల దాకా చూడండి. ఆడ పేషెంటయితే నర్సు పక్కన ఉండాలి.

గజ్జి కోసం ఎక్కడ చూస్తాం? వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, చనుమొనల చుట్టూ, బొడ్డు, జననాంగాలు, పిరుదులు. డెర్మోస్కోప్ (చర్మాన్ని పెద్దదిగా చూపే లెన్సు) ఉంటే, గజ్జి పురుగు చర్మంలో తొలిచిన సొరంగం కొసన చిన్న నల్ల త్రికోణం కనిపిస్తుంది. లేకపోతే ఒక చుక్క నూనె వేసి, 15 నంబరు బ్లేడుతో మెల్లగా గీకి, స్లైడు మీద పెట్టి చూడండి. తలలో పేలు, ఈపులు. బట్టల కుట్లలో పేలు. పరుపు అంచుల్లో నల్లులు. ఇంకోటి చాలామంది అడగరు: కిటికీ దగ్గర, ఏసీ బయటి యూనిట్ వెనక పావురాల గూడు ఉందా? కోళ్ల షెడ్డు పక్కనే ఉందా? గూడు ఖాళీ అయ్యాక పక్షి మైట్స్, అంటే పక్షుల మీద బతికే సన్నటి పురుగులు, మనుషుల మీదకి వస్తాయి. ఎలుకల మైట్స్ కూడా అంతే. ఇవి కుట్టి వెళ్లిపోతాయి, చర్మంలో దొరకవు. ఇంట్లో మిగతావాళ్లకీ దద్దుర్లు ఉన్నాయా అని అడగకుండా డెల్యూజన్ అని రాసేస్తే, తప్పు మనదే అవుతుంది.

మరి డెల్యూజన్‌లో చర్మం ఎలా ఉంటుంది? గోళ్లతో, పట్టకారుతో, పిన్నీసుతో తవ్విన పుళ్లు. పొడుగ్గా గీతల్లా, కోణాలు తేలి ఉంటాయి. చెయ్యి అందే చోటే ఉంటాయి. వీపు మధ్యలో చెయ్యి అందని భాగం శుభ్రంగా ఉంటుంది. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ చేతి మీద ఎక్కువ. కొందరికి పుళ్లేమీ ఉండవు, మందులు పూసీ పూసీ ఎర్రగా కాలిన చర్మమే ఉంటుంది. ఏం పూశారో ఒక్కొక్కటిగా పేరుపెట్టి అడగండి. కిరోసినా? నీళ్లు కలపని డెట్టాలా? ఫినాయిలా? పొలంలో కొట్టే పురుగుల మందా? పేరు పెట్టి అడిగితేనే చెప్తారు, "ఏమైనా పూశారా" అంటే చెప్పరు. పురుగుల మందు పూశారంటే అది పుండు మీద నుంచి ఒంట్లోకి దిగుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు అయితే చెమట, నోట్లో నీళ్లు ఊరడం, కనుపాపలు చిన్నవవడం చూడండి. అక్కడ ముందు చెయ్యాల్సింది విషానికి వైద్యం.

తెచ్చిన డబ్బా సంగతి. దాన్ని పక్కన పెట్టెయ్యకండి. పేషెంట్ ముందే తెరవండి. నమూనాని స్లైడు మీద పెట్టి, ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి, కవర్ స్లిప్ పెట్టి 4, 10 లెన్సుల్లో చూడండి. పక్కు దళసరిగా ఉంటే 10 శాతం కేఓహెచ్ (పక్కుని మెత్తబరిచే పొటాషియం హైడ్రాక్సైడ్) వేసి కాసేపు ఆగండి. తర్వాత పేషెంట్‌ని కూడా చూడమనండి. "నాకు ఇక్కడ నూలుపోగు కనిపిస్తోంది, కాళ్లు గానీ, తల గానీ ఉన్న జీవి కనిపించలేదు." అంతే, చూసినదే చెప్పండి. ఇంకా తెస్తామంటారు. అప్పుడు ఏం చెయ్యాలి? హద్దు పెట్టండి. పారదర్శకమైన సెల్లోటేపుతో అంటించి, తెల్ల కాగితం మీద పెట్టి, ఎక్కువలో ఎక్కువ మూడు నమూనాలు వచ్చేసారి తెమ్మనండి. రోజూ ఏరుకుంటూ కూర్చోవడం కూడా జబ్బులో భాగమే, దాన్ని మనం పెంచకూడదు.

బయాప్సీ, అంటే చర్మం ముక్క తీసి పరీక్షించడం, అడుగుతారు. కొత్తగా ఏదైనా అనుమానం ఉంటే ఒకసారి తియ్యండి. ఊరికే పేషెంట్ నోరు మూయించడానికి తియ్యకండి. మాయో క్లినిక్ వాళ్లు ఇలాంటి 108 మంది రికార్డులు తీసి చూస్తే, తీసిన బయాప్సీల్లో ఒక్కదానిలోనూ పరాన్నజీవి కనబడలేదు. నెగెటివ్ వచ్చిన రిపోర్టుతో నమ్మకం పోతుందా? పోదు. "పురుగు ఉన్నచోట తియ్యలేదు" అంటారు. ఇంకో కుట్టు, ఇంకో మచ్చ, ఇంకో అనుమానం.

ఇంటర్నెట్‌లో మార్జెలాన్స్ అనే పేరు చదివి వచ్చేవాళ్లు కూడా ఉంటారు, ముఖ్యంగా పిల్లలు అమెరికాలో ఉంటున్న ఇళ్లలో. చర్మంలోంచి రంగు పోగులు వస్తున్నాయంటారు. అమెరికా సీడీసీ సంస్థ ఉత్తర కాలిఫోర్నియాలో 115 మందిని గుర్తించి పరిశీలించి 2012లో ప్రచురించింది. పోగుల్లో ఎక్కువ భాగం నూలు, అంటే బట్టలవే. అంటువ్యాధి కారణం దొరకలేదు. అడిగితే ఈ సంగతి చెప్పండి, అడగకపోతే మీరు ఎత్తకండి.

నమ్మకమా, స్పర్శేనా?

ఇప్పుడు ఒక ప్రశ్న నేర్చుకోండి. చాలా పనికొచ్చే ప్రశ్న. "అమ్మా, ఇది పురుగులు కాకుండా ఇంకేదైనా అయ్యే అవకాశం ఉందంటారా?" అంతే. "ఏమో డాక్టరుగారూ, చీమలు పాకినట్టుంది, అందుకని భయమేసింది" అంటే అది డెల్యూజన్ కాదు. అది స్పర్శ. నరాల జబ్బు, షుగరు, బీ12 లోపం, కిడ్నీ జబ్బు వెతకండి. "ఉంటే ఉండొచ్చు, కానీ ఆ ఆలోచన మానలేకపోతున్నా" అంటే ఓసీడీ (వద్దన్నా అదే ఆలోచన తిరిగి తిరిగి వచ్చే జబ్బు), పురుగుల భయం వైపు వెళ్లండి. "అవకాశమే లేదు, నా కళ్లతో చూశాను, గుడ్లు పెడుతున్నాయి" అంటే, అప్పుడు మనం మాట్లాడుకుంటున్న జబ్బు.

అదయినా సరే, వెంటనే మాత్ర రాయకండి. వేరే కారణం వల్ల వచ్చిందా? ఇది చాలా ముఖ్యం, కాస్త ఆగి చెప్తాను.

మొదట మందులు, మత్తు. గంజాయి గురించి అందరూ అడుగుతారు. కొకైన్, మెథాంఫెటమిన్ గురించి అడగరు, పురుగులు పాకడానికి పేరుపడ్డవి అవే. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లీవోడోపా, రోపినిరోల్, ప్రామిపెక్సోల్. ఏడీహెచ్‌డీకి, అంటే ఏకాగ్రత నిలవని జబ్బుకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్. స్టెరాయిడ్లు. ఇవి ఎప్పుడు మొదలయ్యాయి, పురుగులు ఎప్పుడు మొదలయ్యాయి, తేదీలు పక్కపక్కన రాయండి.

తర్వాత మానేసినప్పుడు వచ్చేవి. సారా, బ్రాందీ మానిన రెండు మూడు రోజులకి చేతులు వణికి, చెమటలు పట్టి, ఒంటి మీద పురుగులు ఏరుతుంటారు. మన తెలంగాణ జిల్లాల్లో ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: కల్తీ కల్లు. క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్లు ఏళ్లుగా తాగినవాళ్లు, దుకాణం మూతపడ్డప్పుడో, ఆస్పత్రిలో చేరినప్పుడో, ఉన్నట్టుండి మానేస్తారు. తర్వాత వింత ప్రవర్తన, ఫిట్స్, లేనివి కనిపించడం, పాకడం. "మద్యం తాగుతారా?" అంటే "లేదు" అంటారు. కల్లుని మద్యం కింద లెక్కవెయ్యరు. కాబట్టి కల్లు అని పేరు పెట్టి అడగండి. వీళ్లకి కావలసింది రిస్పెరిడోన్, అంటే డెల్యూజన్‌కి మనం ఇచ్చే మాత్ర, కాదు. థయమిన్ (విటమిన్ బీ1), లోరాజెపామ్ లేదా డయాజెపామ్, పడక. గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వండి. తికమకగా ఉన్న పేషెంట్, తేదీ చెప్పలేని పేషెంట్, ఇవాళ ఒకలా రేపు ఒకలా ఉండే పేషెంట్ అంటే డెలీరియం. అది మన జబ్బు కాదు, ఎమర్జెన్సీ.

ఇక ఒంట్లో జబ్బులు. బీ12 తప్పకుండా చూడండి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, దాంతోపాటు పాంటోప్రజోల్ వేసుకునే శాకాహారికి బీ12 తగ్గిందంటే ఆశ్చర్యమేముంది? థైరాయిడ్, షుగరు, క్రియాటినిన్, లివరు, ఫోలేట్, ఐరన్, హెచ్‌ఐవీ, సిఫిలిస్. సీబీసీలో ఎర్రకణాలు మరీ ఎక్కువుంటే పాలీసైథీమియా, గ్రంథులు వాచి ఉంటే లింఫోమా. పెల్లాగ్రా, అంటే నియాసిన్ విటమిన్ లోపం వల్ల వచ్చే జబ్బు, అది కూడా మరిచిపోకండి. జొన్నే ప్రధానంగా తినే దక్కన్ ప్రాంతంలో అది ఎందుకొస్తోందని గోపాలన్, శ్రీకాంతియా 1960లోనే లాన్సెట్‌లో రాశారు. ఇప్పుడు కనిపించేది ఎక్కువగా తాగుడువాళ్లలో, ఐసోనియాజిడ్ వేసుకునే టీబీ పేషెంట్లలో. మెడ చుట్టూ, ముంజేతుల మీద ఎండ తగిలిన చోట నల్లబారిన చర్మం ఉంటే నియాసిన్ ఇవ్వండి. ముసలివాళ్లలో కొత్తగా మొదలైతే జ్ఞాపకశక్తి పరీక్షించండి. మాట తేడా, నడక తేడా, ఒకవైపు బలహీనత ఉంటే ఎంఆర్ఐ. డిప్రెషన్ ఉందా చూడండి. గొంతులు వినిపిస్తున్నాయా, ఎవరో కావాలని వదిలారంటున్నారా అడగండి. మన దగ్గర "ఎవరో చేతబడి చేశారు" అనేవాళ్లుంటారు. అదొక్కటే స్కిజోఫ్రీనియా కాదు, ఊళ్లో అందరూ నమ్మేది కావచ్చు. కానీ తక్కిన లక్షణాలు వెతకండి.

ఏం అనాలి, ఏం అనకూడదు

ఇప్పుడు అసలు విషయం. పీజీలు ఇక్కడే తడబడతారు. రెండు తప్పులు చేస్తారు.

మొదటి తప్పు: "అమ్మా, నీకు పురుగులూ లేవు, ఏమీ లేవు, అంతా నీ భ్రమ, సైకియాట్రీకి వెళ్లు." చిట్టీ మీద గీతగీసి పంపేస్తారు. వెళ్తారా? వెళ్లరు. బయటికి వెళ్లి, ఇంకో స్కిన్ డాక్టర్ని వెతుక్కుంటారు. మీరు చెప్పింది నిజమే, కానీ ఏం లాభం?

రెండో తప్పు దీనికి తిరగేసింది, ఇంకా ఎక్కువగా జరిగేది. "పోనీలే, ఒకసారి పర్మెత్రిన్ రాద్దాం, ఐవర్‌మెక్టిన్ ఇద్దాం, తృప్తిగా వెళ్తుంది." అప్పుడు ఆ పేషెంట్ ఏం అర్థం చేసుకుంటారు? డాక్టరే పురుగుల మందు రాశారు, అంటే పురుగులున్నట్టే. వారంరోజులు తగ్గినట్టుంటుంది, మళ్లీ మొదలు. "ఆ మందుకి లొంగని పురుగు" అవుతుంది. గజ్జి అనుమానం నిజంగా ఉంటే పూర్తిగా చెయ్యండి: 5 శాతం పర్మెత్రిన్ మెడ నుంచి పాదాల దాకా, 8 నుంచి 14 గంటలు, వారం తర్వాత మళ్లీ, ఇంట్లో అందరికీ ఒకే రోజు. గజ్జి తగ్గాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుందని ముందే చెప్పండి. గజ్జి లేకపోతే మాత్రం ఒక్క ట్యూబు కూడా వద్దు.

మరి ఏమనాలి? నేనయితే ఇలా అంటాను, రాసుకోండి. "మీకు పాకుతున్నట్టు, కుడుతున్నట్టు అనిపించడం నిజం. మీరు నిద్రపోలేకపోవడం నిజం. నేను ఒళ్లంతా చూశాను, మీరు తెచ్చినవి చూశాను. ఇవాళ నాకు పురుగు కనిపించలేదు. ఇలాంటి బాధ చాలామందికి ఉంటుంది. దానికి పనిచేసే మందు ఉంది." చూశారా? పురుగుందని ఒప్పుకోలేదు, అబద్ధమాడలేదు, పోట్లాడలేదు. "మీరు నన్ను నమ్ముతున్నారా?" అని నిలదీస్తారు. "మీ బాధని నమ్ముతున్నాను. పురుగు నాకు కనిపించలేదు." అదే మాట. పదిసార్లడిగితే పదిసార్లూ అదే, గొంతు పెంచకుండా.

ఇంకోటి, పేషెంట్ ఎదురుగా నర్సుతో కళ్లతో సైగలు, నవ్వులు వద్దు. వాళ్లు ఆ నవ్వుని ఇప్పటికే చాలాచోట్ల చూసి వచ్చారు. నిద్రలేక, ఎవరూ నమ్మక, మనవళ్లని ముట్టుకోవడం మానేసి, పరుపులు తగలబెట్టి వచ్చినవాళ్లు. "బతకాలనిపించడం లేదా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఆరోజే సైకియాట్రిస్టుతో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు ఇంట్లోవాళ్లకి రాసివ్వండి.

మందు ఎవరు మొదలుపెట్టాలి? ఇక్కడ నాది గట్టి అభిప్రాయం. స్కిన్ డాక్టరే మొదలుపెట్టాలి. సైకియాట్రిస్టు మన ఓపీలోనే వారానికొకసారి కూర్చుంటే అంతకంటే మంచిది లేదు. అది కుదరనిచోట, ఫోన్‌లో మాట్లాడుకుని, మీ చేత్తో రాయండి. ఎందుకు? పేషెంట్ వచ్చింది మీ దగ్గరికి కాబట్టి.

ముందు బరువు, బీపీ, షుగరు, లిపిడ్లు, ఈసీజీ. తర్వాత రిస్పెరిడోన్ రాత్రి 0.5 మిల్లీగ్రాములు. ముసలివాళ్లకి 0.25. వారం తర్వాత 1 మిల్లీగ్రాము. ఆపైన రెండు వారాలకోసారి 0.5 చొప్పున పెంచండి. చాలామందికి 1 నుంచి 3 మధ్య సరిపోతుంది. షుగరు, బరువు ఇబ్బంది లేనివాళ్లకి ఓలాంజపిన్ 2.5తో మొదలుపెట్టి 5, 10 దాకా. అమీసల్‌ప్రైడ్ 50తో మొదలుపెట్టి 200, అవసరమైతే 400. అది కిడ్నీ ద్వారా పోతుంది, క్రియాటినిన్ పెరిగినవాళ్లకి తగ్గించాలి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి ఇవేవీ మీ అంతట మీరు రాయకండి, ఒళ్లు బిగుసుకుపోతుంది. డిమెన్షియా ఉన్నవాళ్లలో ఈ మందులతో పక్షవాతం, మరణం ముప్పు పెరుగుతుంది, ఇంట్లోవాళ్లకి చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

పాత పుస్తకాల్లో పిమోజైడ్ మొదటి మందు. ఇప్పుడు కాదు. అది గుండె లయని దెబ్బతీస్తుంది, ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి పొడుగవుతుంది. మన దగ్గర దీనికో ప్రత్యేక ప్రమాదముంది. తామరకి ఇట్రాకొనజోల్ ఎంత విరివిగా రాస్తున్నాం? పిమోజైడ్ మీద ఇట్రాకొనజోల్ గానీ, క్లారిత్రోమైసిన్ గానీ పడితే పిమోజైడ్ రక్తంలో పేరుకుంటుంది, ప్రాణం మీదకొస్తుంది. రెండూ రాసేది స్కిన్ డాక్టరే! టెర్బినాఫిన్ కూడా పిమోజైడ్‌నీ, రిస్పెరిడోన్‌నీ పెంచుతుంది. అందుకని చిట్టీలో తామర మందుల్ని కూడా చూడండి.

మాత్ర ఎందుకో ఎలా చెప్పాలి? దాచకండి. దాస్తే మెడికల్ షాపులో చెప్తారు, లేదా ఫోన్‌లో వెతికి చూసుకుంటారు, "పిచ్చి మందు రాశారు" అని మళ్లీ రారు. మీరే ముందు చెప్పండి: "ఈ మందుని ఎక్కువ డోసుల్లో మానసిక జబ్బులకి వాడతారు. మీకు చిన్న డోసులో ఇస్తున్నాను. పాకే బాధ, దాని గురించిన దిగులు, రెండూ దీనితో తగ్గుతాయి. రెండు వారాల్లో కాస్త తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు." ఆ గడువు దాటకముందే పనిచెయ్యలేదని మార్చేయకండి. పనిచెయ్యలేదనిపిస్తే ముందు, అసలు వేసుకున్నారా అని చూడండి.

ఇంట్లోవాళ్లు చాటుగా అడుగుతారు, "కాఫీలో కలిపి ఇచ్చేద్దామా డాక్టరుగారూ?" వద్దు. తెలిసిన రోజున డాక్టరు మీద, ఇంట్లోవాళ్ల మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం కూడా పేషెంట్ సమ్మతి ఉండాలి.

చర్మానికి వైద్యం మానకండి. పుళ్లకి వాజలిన్ లాంటి పారఫిన్ పూత, తేలికపాటి సబ్బు, గోళ్లు కత్తిరించడం, చీము పడితేనే యాంటీబయాటిక్. పూతల వల్ల కాలిన చర్మానికి కొద్దిరోజులు స్టెరాయిడ్ క్రీమ్. చర్మం బాగుపడుతుంటే మాత్ర మీదా నమ్మకం కుదురుతుంది.

ఒకే ఇంట్లో ఇద్దరు వస్తే? భార్యాభర్తలు, తల్లీకూతుళ్లు. ముందు గజ్జి కాదని ఖాయం చేసుకోండి. తర్వాత విడివిడిగా మాట్లాడండి. నమ్మకం ఎవరిలో మొదలైందో తెలుస్తుంది. వాళ్లకి వైద్యం జరిగితే, రెండోవాళ్లు మందు లేకుండానే తేరుకోవచ్చు. తనకి కాదు, బిడ్డకి పురుగులున్నాయని తెచ్చే తల్లిదండ్రులుంటారు. అక్కడ బిడ్డని బాగా చూడండి. ఏం పూస్తున్నారు, ఎన్నిసార్లు స్నానం చేయిస్తున్నారు, బడికి పంపుతున్నారా? బిడ్డకి హాని జరుగుతుంటే పిల్లల డాక్టరునీ, బాలల సంక్షేమ కమిటీనీ కలపాల్సి వస్తుంది.

ఫాలోఅప్. మొదట్లో రెండు వారాలకోసారి రమ్మనండి, కబురు చేస్తేనో, బాధ పెరిగితేనో కాకుండా తేదీ వేసి రమ్మనండి. ప్రతిసారీ చర్మం చూడండి, పాకడం సున్నా నుంచి పది లెక్కలో ఎంతుందో రాయండి, నిద్ర అడగండి. మందు వల్ల ఒళ్లు బిగుసుకుంటోందేమో, మోచేతులు వంచి చూసి బిగుసుకున్నాయా, చేతులు వణుకుతున్నాయా చూడండి. మూడు నెలలకి బరువు, షుగరు మళ్లీ.

తగ్గాక "అయితే పురుగులు లేవని ఒప్పుకుంటారా?" అని అడగకండి. ఎప్పుడూ అడగకండి. చాలామంది "పురుగులు పోయాయి" అంటారు. పోయాయి, సరే. ఒప్పించాల్సిన పని మనకి లేదు. పూర్తిగా తగ్గిన తర్వాత కనీసం ఆరు నెలలు మందు కొనసాగించండి. ఆ తర్వాత నెలనెలా కొంచెం కొంచెంగా తగ్గించండి, ఒక్కసారి ఆపకండి. తగ్గిస్తుండగా మళ్లీ పాకడం మొదలైతే ముందు పనిచేసిన డోసుకే వెనక్కి వెళ్లండి. ఆపేశాక మళ్లీ రావడం మామూలే. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి, మళ్లీ డబ్బాల్లో ఏరడం మొదలైతే వారంలోపు తీసుకురమ్మనండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు పీహెచ్‌సీ డాక్టర్లకి అవకాశమిద్దాం.